అక్క పిట్టల కోసమే వెళ్తోందా?

మార్చి 2, సోమవారం

అక్క నాతో అబద్ధం చెప్పింది.

పెద్దదేం కాదు. తెల్లారకుండానే ఎక్కడికెళ్ళావని అడిగితే పాల కోసమంది. ఫ్రిజ్‌లో పాలున్నాయి, నిన్న సాయంత్రం తెచ్చింది నేనే. చేతిలో ప్యాకెట్ కూడా లేదు. బూట్ల అంచులకు తడిమట్టి, ఒక గడ్డిపరక. పాలకొట్టు దాకా దారంతా సిమెంటే.

అబద్ధం చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలని నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. నా కాపురంలో అతను కూడా ఇలాంటివాటితోనే మొదలుపెట్టాడు. బస్సు దొరకలేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, స్నేహితుడి తండ్రికి ఒంట్లో బాగాలేదు. ఆ తండ్రికి మూడేళ్ళపాటు ఒంట్లో బాగాలేదు. నేను మూడేళ్ళూ పాపం అనుకున్నాను.

చలికాలం మొదట్లో రెండు పెట్టెలతో ఈ మూడో అంతస్తు ఇంటికొచ్చాను. అక్క ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. తన బీరువాలో సగం ఖాళీ చేసి, "ఇది నీది" అంది. అంతే. ఈ లోకంలో నేను అనుమానించనక్కర్లేని మనిషి ఒక్కరైనా ఉన్నారనుకున్నాను.

పాల కోసమట.

మార్చి 4, బుధవారం

ఈ మధ్య అక్క నన్ను పట్టించుకోవడం మానేసింది. ఇది నా ఊహ కాదు.

వంటింట్లోంచి నేను రెండుసార్లు పిలిస్తే పలకదు. కింద వాచ్‌మన్ మెట్ల దగ్గర్నుంచి ఒక్క కేక వేస్తే "వస్తున్నా" అంటుంది. నేనేదైనా చెప్పడం మొదలుపెట్టగానే టీవీ సౌండు పెంచుతుంది. ఫోన్ చేస్తే ఎత్తదు, "మెసేజ్ పెట్టు" అని మెసేజ్ పెడుతుంది. ఎప్పుడైనా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడామా, నా మొహంలోకే గుచ్చి గుచ్చి చూస్తుంది. ఇదింకా ఎన్నాళ్ళుంటుంది ఇక్కడ అని లెక్కలు వేస్తున్నట్టు.

ఆమె కోర్టులో స్టెనో. సాక్షులు, లాయర్లు, జడ్జిగారు ఏ మాటంటే ఆ మాట పొల్లుపోకుండా ఎక్కించడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. రోజంతా విని విని ఇంటికొచ్చాక ఎవరి మాటా వినబుద్ధి కాదేమో అని మొదట్లో సరిపెట్టుకున్నాను. మరి వాచ్‌మన్ మాటెందుకు వినబుద్ధవుతుంది?

మార్చి 5, గురువారం

ఇవాళ కూడా వెళ్ళింది. నిద్రపోతున్నట్టు నటించాను.

మార్చి 6, శుక్రవారం

వసంతం వచ్చిన సంగతి చెట్లకంటే ముందు మా డ్రైక్లీనింగ్ షాపుకి తెలుస్తుంది. ఈ వారమంతా చలికోట్లే. అందరూ ఉతికించి లోపల దాచేసుకునే రోజులు. కౌంటర్ వెనక కొండలా పేరుకుపోయాయి.

మిషన్లో వేసేముందు ప్రతి జేబూ తిరగేసి చూడటం నా పని. పెన్ను మిగిలిందంటే లోడంతా నాశనం. చలికాలం నుంచి చేస్తున్నాను. మనుషుల జేబులంత నిజం వాళ్ళ నోళ్ళు చెప్పవు. సిగరెట్లు మానేశానని పెళ్ళాంతో ఒట్టేసిన వాడి జేబులో అగ్గిపుల్ల తల. మందులు వాడుతున్నానని కొడుకుతో చెప్పే పెద్దావిడ జేబులో విప్పని మాత్రలు. అన్నీ ఒక కవర్లో వేసి, కోటుకే పిన్ను పెట్టి తిరిగిచ్చేస్తాం. మా యజమానురాలి నియమం ఒక్కటే: చూడొచ్చు, అడక్కూడదు.

ఇంటికొచ్చి అక్క జేబులు చూశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. జేబుల్లో ఏమీ లేదు. కోటు వెనక కొక్కేనికి మాత్రం బైనాక్యులర్స్ తగిలించి ఉన్నాయి. పాతవి, బరువైనవి, మంచి కంపెనీవి. తోలు పట్టీ మెడకానే చోట నల్లబడింది. అది అక్క మెడ వల్ల అయిన నలుపు కాదు. వాసన చూశాను. మగవాళ్ళు గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ వాసన.

మార్చి 8, ఆదివారం

వెంట వెళ్ళాను.

కుళాయి చప్పుడు ఆగాక, తలుపు మూసుకున్నాక, నేను మెట్లు దిగాను. ఆమె వెనక్కి తిరిగి చూస్తుందేమోనని గోడల పక్కనే నడిచాను. ఒక్కసారి కూడా తిరగలేదు. నా వెనక ఒక సైకిల్ వాడు బెల్లు కొట్టుకుంటూ వచ్చి ఆమె పక్కనుంచి దూసుకుపోయాడు. అప్పుడు మాత్రం ఉలిక్కిపడింది. అంత పరధ్యానం. మనసు మనసులో లేదు.

పార్కు. మా వీధి చివర, చిన్న చెరువున్న పార్కు. లోపల ఇంకా మంచు విడలేదు. చెరువు గట్టున ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. దాని అవతల, పొడుగాటి చెట్ల కింద ఒకాయన ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. అరవై దాటి ఉంటాయి. బూడిదరంగు కోటు వేసుకుని, ఉన్ని టోపీ చెవుల కిందికి లాగుకుని ఉన్నాడు. అక్కను చూడగానే చెయ్యెత్తాడు.

నేను మరుగుదొడ్ల గోడ పక్కన నిలబడ్డాను. కంపు భరిస్తూ.

చూసింది చూసినట్టు రాస్తాను, తర్వాత నేనే కల్పించానని అనుకోకుండా. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. బైనాక్యులర్స్ ఆమె మెడలో వేలాడుతున్నాయి, వాటిలోంచి చూడలేదు. అక్క కళ్ళు మూసుకుంది. ఆయన ఆమె మోచేతి మీద వేలితో మెల్లగా తట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కాసేపాగి మళ్ళీ తట్టాడు. మళ్ళీ అడ్డంగా ఊపింది. మూడోసారి ఆమె మొహం విచ్చుకుంది, తల నిలువుగా ఊపింది. ఆయన ఏదో అన్నాడు. ఆమె వెంటనే జవాబిచ్చింది. నేను రెండుసార్లు పిలిస్తే పలకని మనిషి!

తర్వాత అక్క కళ్ళు తుడుచుకుంది.

పిట్టల్ని చూడటానికి వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుంటారా?

మార్చి 9, సోమవారం

ఆయన వేలికి పెళ్ళి ఉంగరం ఉంది. నిన్న రాయడం మర్చిపోయాను. మర్చిపోలేదు, రాయాలనిపించలేదు.

మార్చి 11, బుధవారం

మధ్యాహ్నం ఒకావిడ మూడు కోట్లు తెచ్చింది. ఎప్పుడూ వచ్చే ఆవిడే, పళ్ళ డాక్టరుగారి భార్య. నెమ్మదైన మనిషి, రసీదు తీసుకుని తప్పకుండా థాంక్స్ చెబుతుంది. రెండు కోట్లు ఆవిడవి, ఒకటి మగవాళ్ళది, బూడిదరంగుది. ఆ కోటును నేను అంతకుముందే చూశాను, చెరువు పక్కన.

ఆవిడ వెళ్ళాక జేబులు చూశాను. ఎడమ జేబులో కొన్ని గింజలు, గోధుమరంగు ఈక ఒకటి. కుడి జేబులో అమ్మ దుద్దు.

అమ్మది అని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పచ్చరాయి, అంచున చిన్న గాటు. అమ్మ పోయాక దుద్దులు అక్కకు, గాజులు నాకు వచ్చాయి. అక్క చెవుల్లోంచి అవి తీయగా నేనెప్పుడూ చూడలేదు. స్నానానికి కూడా తీయదు.

దాన్ని కవర్లో వేసి కోటుకు పిన్ను పెట్టాలి. అదీ నియమం. అలా చేస్తే ఆ నెమ్మదైన ఆవిడ కవరు విప్పుతుంది. దుద్దు అరచేతిలో వేసుకుని కాసేపు చూస్తుంది. అలా చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

దుద్దు నా బ్లౌజులో దాచుకుని ఇంటికొచ్చాను. మొదటిసారి షాపులోంచి ఒక వస్తువు దొంగిలించాను.

మార్చి 12, గురువారం

అక్క జుట్టు విరబోసుకుని తిరుగుతోంది, ఎడమ చెవి కనపడకుండా. అన్నం దగ్గర నేనే అడిగాను, దుద్దేదని. నా నోటివైపు చూసి, "ఏంటి?" అంది. మళ్ళీ అడిగాను. చెవి తడుముకుని, ఎక్కడో పడిపోయినట్టుంది, కోర్టులో వెతుకుతున్నానంది.

కోర్టులోనట.

మొహం ఎర్రబడలేదు. గొంతు తడబడలేదు. అతనికి కూడా ఎప్పుడూ తడబడేది కాదు.

మార్చి 13, శుక్రవారం

అతను మరిగిన ఆడమనిషి గురించి నేను ఏవేవో అనుకునేదాన్ని. గోళ్ళకు రంగు, పెద్ద నవ్వు, అలాంటిదని. తర్వాత ఒకసారి చూస్తే మామూలు మనిషి. ముడివేసిన జుట్టు, అరిగిపోయిన చెప్పులు, ఎవరికో అక్కలా ఉంది.

మార్చి 14, శనివారం

పొద్దున కెటిల్ ఈల వేసి వేసి గొంతు పోగొట్టుకుంది. నేను స్నానంలో ఉన్నాను. బయటికొచ్చేసరికి నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగు నల్లగా మాడింది. అక్క పక్కనే, రెండడుగుల దూరంలో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. వాసనొచ్చాక లేచింది. "అయ్యో" అంది. ఈ వయసులో ఇంత మైకమా అనుకున్నాను.

సాయంత్రం షాపు నుంచి వస్తూ ఒక గది చూశాను. టైర్ల కొట్టు పైన. కిటికీ ఒకటే, అదీ గోడవైపు. పరవాలేదు. అక్కకు ఆయన కావాలంటే ఈ ఇల్లూ కావాలి. ఆమె నన్ను పొమ్మని చెప్పేదాకా ఉండటం నా వల్ల కాదు. ఒకసారి అలా చెప్పించుకున్నాను, చాలు.

ఇంటికొచ్చేసరికి అక్క సింకు దగ్గర మాడిన కెటిల్ తోముతోంది. కుళాయి ధారగా పోతోంది. నేను గుమ్మంలో నిలబడి, "అక్కా, నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను" అన్నాను.

తోముతూనే ఉంది.

"గది చూసుకున్నాను. వచ్చే వారం వెళ్తాను."

ఆమె కెటిల్ వెలుతురు వైపు తిప్పి అడుగు చూసుకుంది. మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. చిన్నగా ఏదో కూనిరాగం కూడా తీస్తోంది.

ఉండమని అనలేదు. ఎందుకనీ అడగలేదు. కూనిరాగం తీసింది.

పెట్టె సర్దడం మొదలుపెట్టాను.

మార్చి 15, ఆదివారం

ఇవాళ్టిది వరసగా రాయాలి. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

పొద్దున్నే పార్కుకి వెళ్ళాను. ఈసారి దాక్కోలేదు. దుద్దు గుప్పిట్లో పట్టుకుని వెళ్ళాను. మొహాన విసిరి, అట్నుంచటే టైర్ల కొట్టు మీది గదికి వెళ్ళిపోదామని.

ఎంత మంచి ఉదయమో అది, నా ఖర్మ కొద్దీ. రాత్రి వాన పడి వెలిసింది. చెట్లకు కొత్త ఆకు వేసింది, ఎండ పడితే అద్దంలా మెరుస్తోంది. పార్కంతా ఒకటే గోల. పిచ్చుకలు పొదల్లో పోట్లాడుకుంటున్నాయి. ఎక్కడో ఒక వడ్రంగి పిట్ట తలుపు కొడుతున్నట్టు మాను కొడుతోంది. అన్నిటికీ పైన ఒక సన్నటి కూత, సూదితో గాజు మీద గీసినట్టు, ఆగకుండా. తలెత్తి వెతికితే కనపడింది, ఎర్రపూల చెట్టు చిటారు కొమ్మన. బొటనవేలంత తేనెపిట్ట. అంత చిన్న ఒంట్లోంచి అంత చప్పుడు.

అక్కా, పళ్ళ డాక్టరుగారూ ఆ చెట్టు కిందే ఉన్నారు. నాకు వీపులు పెట్టి నిలబడ్డారు. అక్క బైనాక్యులర్స్‌లోంచి ఆ పిట్టనే చూస్తోంది. ఆయన అదే టోపీ పెట్టుకున్నాడు. కోటు మా షాపులో ఉంది కాబట్టి స్వెట్టరు వేసుకున్నాడు. ఆయన ఏదో చెబితే అక్క నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. నాతో ఉన్నప్పుడు ఆ నవ్వెక్కడికి పోయింది?

నాలుగడుగుల దూరంలో ఆగాను. ఆగాక, గుప్పిట్లో పట్టుకొచ్చినదాన్ని విసరడానికి బదులు నోరు తెరిచాను.

అరవలేదు. నేనెప్పుడూ అరవలేను, నా గొంతు పీలగొంతు, కోపమొస్తే ఇంకా సన్నబడుతుంది. అరిచి ఉంటే బాగుండేది.

"నా కాపురం కూల్చినదానికీ నీకూ తేడా ఏముందక్కా?" అన్నాను. "అది కనీసం నా తోడబుట్టింది కాదు. ఇన్నేళ్ళూ పెళ్ళి వద్దు వద్దని, చివరికి ఇంకొకరి మొగుడు కావలసొచ్చాడా నీకు? ఆవిడ నా చేతికి కోట్లిచ్చి థాంక్స్ చెప్పి పోతుంది. నీకు సిగ్గెలా వేయట్లేదు?"

ఇంకో మాట కూడా అన్నాను. అది ఇక్కడ కూడా రాయను.

పళ్ళ డాక్టరుగారు గిరుక్కున తిరిగారు. మొహంలో నెత్తురు లేదు.

అక్క తిరగలేదు.

బైనాక్యులర్స్ కొంచెం పైకెత్తి, పిట్ట ఇంకో కొమ్మ మీదికి మారితే దాంతోపాటే మెల్లగా తిరిగింది. భుజం బిగుసుకోలేదు. వేళ్ళు కదలలేదు. నేను మళ్ళీ నోరు తెరవబోతుంటే డాక్టరుగారు చెయ్యి అడ్డంపెట్టారు. ఆయనది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు.

"ఆవిడకి మీ మాటలు వినపడలేదమ్మా" అన్నారు. "మీ గొంతు సన్నం. సన్న గొంతులు ఆవిడకి అందవు."

నేను నమ్మలేదు. నిజం రాయాలి కదా, అప్పుడు కూడా నమ్మలేదు. అతని స్నేహితులు ఎంతమంది నా ఎదురుగా నిలబడి ఇంతకంటే నిబ్బరంగా సాక్ష్యం చెప్పారని!

ఆయన గొంతు విని అక్క ఇటు తిరిగింది. నన్ను చూసింది. దొరికిపోయినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు కంఠతా వచ్చు. అక్క మొహం అలా లేదు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర నన్ను చూసినప్పటి మొహం అది.

"పొట్టీ, ఎప్పుడొచ్చావే?" అంది. నేను ఆమెకంటే పొడుగై పాతికేళ్ళయింది, ఇంకా పొట్టీ అనే పిలుస్తుంది. "రా రా, తొందరగా చూడు, ఎగిరిపోతుంది." అని మళ్ళీ చెట్టు వైపు తిరిగి నా కోసం పిట్టను వెతకసాగింది.

అప్పుడు నేనొక పని చేశాను. అక్కకు గొంగళిపురుగంటే ప్రాణభయం. నలభై ఏడేళ్ళ మనిషి, గోడ మీద దాన్ని చూస్తే మంచమెక్కి నిలబడుతుంది. నేను ఆమె వీపు వెనక, ఇంట్లో మాట్లాడే గొంతుతో, అన్నాను.

"అక్కా, నీ మెడ మీద గొంగళిపురుగు పాకుతోంది."

డాక్టరుగారు నా వైపు చూశారు. ఇద్దరం ఆమె మెడ వైపు చూశాం.

"అదిగో, అదిగో, కనపడింది" అంది అక్క సంబరంగా. "ఎంత నీలంగా ఉందో చూడవే. ఇది పాడుతుందటగా?"

తడి గడ్డిలో కూర్చుండిపోయాను.

అక్క కంగారుపడి వంగింది. కళ్ళు తిరిగాయా, పొద్దున్నే ఏమైనా తిన్నావా అని అడుగుతూ నా నోటివైపే చూస్తోంది. లెక్కలు వేస్తున్నట్టు కాదు. మాటలు ఏరుకుంటున్నట్టు. ఎన్ని రోజులుగా అలా ఏరుకుంటోందో!

అప్పుడే బాటమీద డాక్టరుగారి భార్య ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది, కాగితం గ్లాసులతో సహా. ఆదివారాలు ఆవిడే టీ తెస్తుందట. నన్ను గుర్తుపట్టి, "డ్రైక్లీనింగ్ అమ్మాయివి కదూ? ఈవిడ చెల్లెలివా నువ్వు? మీ అక్క నోరు తెరిస్తే నీ మాటే" అంది. నాకు టీ పోసి ఇచ్చింది. తాగాను. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

దుద్దు ఇంకా గుప్పిట్లోనే ఉంది. అరచేతిలో దాని అచ్చు దిగింది.

మార్చి 16, సోమవారం

పెట్టె విప్పేశాను.

మార్చి 17, మంగళవారం

అక్క చెప్పింది. రాత్రి భోజనం కాగానే టీవీ కట్టేసి, కుర్చీ నాకెదురుగా లాక్కుని చెప్పింది.

చలికాలంలో ఒక రోజు కోర్టుకి తొందరగా వెళ్తూ పార్కులోంచి అడ్డదారిన పోతోందట. చెట్టు కింద ఒకాయన నిలబడి, మీరూ కొంచెం వినండి, ఎంత బాగా పాడుతోందో అన్నాడట. అక్క చాలాసేపు విందట. ఏమీ లేదు. నిశ్శబ్దం. ఎదురుగా కొమ్మ మీద పిట్ట నోరు తెరిచి మూస్తోంది, గొంతు కింద ఈకలు అదురుతున్నాయి, అయినా నిశ్శబ్దం. ఆ రోజు కోర్టుకి వెళ్ళి కుర్చీలో కూర్చుంటే చేతులు చల్లబడ్డాయట.

ఆయనకూ అంతేనట. ముప్ఫై ఏళ్ళు చెవి పక్కన డ్రిల్లు తిరిగి తిరిగి సన్న చప్పుళ్ళు పోయాయి. టోపీ కింద రెండు చెవులకూ వినికిడి మిషన్లున్నాయి. అందుకే వారానికి కొన్ని రోజులు పొద్దున్నే పరీక్ష పెట్టుకునేవారు. పిట్ట కూసినప్పుడు ఆయన ఈమె మోచేతి మీద తడతారు, వినిపిస్తే ఈమె తల ఊపాలి. గువ్వలు వినిపిస్తాయి. వడ్రంగి పిట్ట వినిపిస్తుంది. మిగతావి ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. పోయిన వారం ఆయన తన మిషన్ తీసి ఈమె చెవికి పెట్టి చూడమన్నారట. దుద్దు అడ్డమొస్తోందని తీసి ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ మర్చిపోయారు. "నువ్వు అడిగితే కోర్టు అన్నాను, పార్కు అంటే ఎందుకంటావు కదా" అంది.

"నాతో చెప్పొచ్చు కదక్కా" అన్నాను, నోరు బాగా తెరిచి.

"నువ్వే అప్పటికి సగం చచ్చి వచ్చావు. నీకు నేనొక్కదాన్ని గట్టిగా ఉండాలి కదే."

తర్వాత అసలు విషయం చెప్పింది. నెల కిందట ఒక నర్సు సాక్ష్యం చెప్పింది. సన్న గొంతట ఆ అమ్మాయిది. గాయపడినవాడి పక్కన కూర్చున్న కుర్రవాడి చేతిలో పత్తి ఉందని చెప్పింది. నెత్తురు తుడుస్తున్నాడని. అక్క కత్తి అని ఎక్కించింది. సాయంత్రం చదివి వినిపించినప్పుడు ఆ కుర్రవాడి లాయరు లేచాడు కాబట్టి సరిపోయింది. జడ్జిగారు, "పెద్దవారయిపోతున్నారండీ మీరు" అని నవ్వి దిద్దించారట. అందరూ నవ్వారట.

"అతను లేవకపోతే?" అంది అక్క. "ముందెన్ని అలా రాశానో? ఎవరూ లేవనివి?"

ఇరవై రెండేళ్ళ కాగితాలు. ఆమె రోజూ వాటి గురించే ఆలోచిస్తోంది. నేను లోషన్ వాసన గురించి ఆలోచిస్తున్నాను.

దుద్దు షాపులో జేబులో దొరికిందని ఇచ్చేశాను. మురిసిపోయి పెట్టుకుంది. ఎప్పుడు దొరికిందని అడగలేదు.

మార్చి 20, శుక్రవారం

సెలవు పెట్టి అక్కతో కోర్టుకి వెళ్ళాను. ఆమె వద్దంది. డాక్టరుగారు కూడా ఉద్యోగం సంగతి ఆలోచించుకుని వెళ్ళమన్నారట. అక్క మాత్రం, "ఎవరో పట్టుకునేదాకా ఆ కుర్చీలో కూర్చోలేను" అంది.

పెద్ద అధికారి గది బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపలికి ఆమె ఒక్కతే వెళ్ళింది. చాలాసేపు పట్టింది. తలుపు సందులోంచి ఒక్క మాటా వినపడలేదు, ఎంత చెవి రిక్కించినా. అప్పుడు కొంచెం అర్థమయింది నాకు, అలా ఉండటం ఎలా ఉంటుందో.

బయటికొచ్చి చేతిసంచీ భుజాన వేసుకుని, పదమంది. ఉద్యోగం ఉంటుంది. హాల్లో కుర్చీ పోయింది. ఇక మీద వెనక గదిలో, రికార్డు చేసినవాటిని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎక్కించాలి. ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి వినొచ్చు. ఈ ఏడాది రాసినవాటిలో అనుమానం ఉన్నవి ఇంకొకరు మళ్ళీ చూస్తారు. ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఊపిరి వదిలింది.

వెళ్ళేముందు ఖాళీగా ఉన్న హాల్లోకి తీసుకెళ్ళి తన కుర్చీ చూపించింది. జడ్జిగారి బల్ల కింద, కొంచెం ఎడమకు. చేతులానే చోట చెక్క నునుపుదేలింది. ఒకసారి కూర్చుంది. లేచింది.

మార్చి 23, సోమవారం

డాక్టరుగారి కోటు ఇవాళ వెళ్ళిపోయింది. ఆయనే వచ్చారు. రసీదు తీసుకున్నాను. గింజలూ ఈకా కవర్లో పెట్టి ఇచ్చాను. నేను ఏదో అనబోతే, "మీరప్పుడు ఏమన్నారో నాకూ సరిగ్గా వినపడలేదమ్మా" అన్నారు.

ఆయన చెవుల్లో మిషన్లున్నాయి.

ఏప్రిల్ 5, ఆదివారం

గురువారం అక్కకు మిషన్లు పెట్టారు. ఇంట్లో నరకం. ప్లేట్లు మెల్లగా పెట్టమంటుంది. పేపరు తిప్పితే ఉలిక్కిపడుతుంది. నా గొంతు విని మొదట, "నువ్వు ఇలా మాట్లాడతావా?" అని నవ్వింది. ఇన్నాళ్ళూ ఎవరో వేరే చెల్లెలితో ఉన్నట్టుందట.

ఇవాళ పార్కుకి ఇద్దరమే వెళ్ళాం. ఎండ కాస్త గట్టిపడింది. ఎర్రపూలు సగం రాలి బాటంతా పరుచుకున్నాయి. అక్క చెట్టు కింద నిలబడి ఎదురుచూసింది. తేనెపిట్ట వచ్చింది, కొమ్మ అంచున కూర్చుని మొదలుపెట్టింది. నేను పిట్టను చూడలేదు. అక్క మొహం చూస్తున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఇంత రొద పెడుతుందా ఇది?" అంది.

ఇద్దరం పడీపడీ నవ్వాం. పిట్ట ఎగిరిపోయింది.

తర్వాత బెంచీ మీద కూర్చున్నాం. గువ్వలు కాళ్ళ దగ్గరికొస్తున్నాయి. అక్క వాటికేసి చూస్తూ, మామూలుగా, అడిగింది.

"ఆ రోజు ఇక్కడ నువ్వేమన్నావు?"

"ఏ రోజు?"

"నువ్వు గడ్డిలో కూలబడ్డ రోజు. నేను తిరిగేసరికి ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురు లేదు. నువ్వేదో అన్నావు."

చెప్పేద్దామనే అనుకున్నాను. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఇప్పుడామెకు ప్రతి అక్షరం వినపడుతుంది. ఆ రాయని మాటతో సహా.

"ఆకలేస్తోంది, ఇంటికెళ్దామన్నాను" అన్నాను.

అక్క ఇటు తిరిగింది. నా నోటివైపు చూడలేదు, అవసరం లేదు కదా ఇప్పుడు. కళ్ళల్లోకి చూసింది. నేను ఎన్నోసార్లు అతని కళ్ళల్లోకి అలా చూశాను, ఒక్కసారైనా తలదించుకుంటాడేమోనని. నేను తలదించుకున్నాను.

"అంతేనా?"

"అంతే."

ఒక గువ్వ మా బూట్ల మధ్యలోంచి నడిచి అవతలికి పోయింది.

"సరే," అంది అక్క, నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంటూ. "అలాగే రాసుకుంటాను."